చేతికందే అర

వట్లూరులో ఆ ఇంట్లో మామూలుగానే తెల్లవారింది. రత్నాంబగారు పెసరట్ల పిండిలో అల్లం చాలలేదని తనను తానే తిట్టుకుంటున్నారు. కరెంటాఫీసుకి వెళ్ళాల్సిన జయకృష్ణ ఇస్త్రీ చొక్కా కోసం గదులన్నీ తిరుగుతున్నాడు. అతని భార్య సింధూరి మాత్రం హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పక్కన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మధ్యాహ్నం యూనివర్సిటీలో చెప్పాల్సింది మనసులో వల్లె వేసుకుంటోంది.

సింధూరి ఫార్మసీ కాలేజీలో లెక్చరరు. కొల్లేటి చుట్టూ ఉన్న చెరువుల్లో చేపలకి వేసే మందులు ఆ చేపల ఒంట్లో ఎన్నాళ్ళుంటాయన్నది ఆమె పరిశోధన. ఉద్యోగం చేస్తూ, పిల్లాడిని పెంచుతూ, ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చింది. ఈ సెమినార్ గట్టెక్కితే థీసిస్ ఇచ్చేయొచ్చు.

రైలుకి ఇంకా టైముందనగా గైడు సత్యనారాయణమూర్తిగారు ఫోన్ చేశారు.

"అమ్మా, ఆ పాత రీసెర్చి పేపరు ఒకటుంది చూడండి, మీరు విశాఖపట్నం లైబ్రరీలో స్కాన్ చేయించుకున్నది. అది దగ్గర పెట్టుకోండి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు దాని మీదే పట్టుకుంటారు."

"ఉందండీ సార్. తెస్తాను."

ఫోన్ పెట్టేసి వెతికింది. ఎప్పుడూ కళ్ళెదురుగా ఉండే పేపరు అక్కడ లేదు. పేరు కొట్టి చూసింది, సంవత్సరం కొట్టి చూసింది. అదొక్కటే కాదు, పాతకాలపు పేపర్లు ఒక్కటీ కనిపించలేదు.

"అత్తయ్యగారూ, మామయ్యగారేరీ?"

"పక్కింటి కోదండరామయ్యగారితో కలిసి కొల్లేటికోట వెళ్ళారుగా, అమ్మవారి దర్శనానికి. తెల్లారకుండానే బయల్దేరారు. ఏమ్మా?"

"నా ల్యాప్‌టాప్‌లో ఏం చేశారో ఏమో. ఫోన్ చేస్తే ఎత్తరేంటి?"

"ఎలా ఎత్తుతారమ్మా? అదిగో, సైలెంట్ చేసి టీవీ పక్కన చార్జింగ్‌లో పెట్టి మర్చిపోయారు. ఆ కోదండరామయ్యగారికైతే అసలు ఫోనే లేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు."

ల్యాప్‌టాప్ మామగారి చేతికి వెళ్ళడం సింధూరి చలవే. గోవిందరాజులుగారు పవర్‌పేటలో జీవితమంతా మందుల షాపు నడిపారు. మోకాళ్ళు మొరాయించి, అద్దె పెరిగి, కిందటి దసరాకి షాపు మూసేశారు. ఆ తర్వాత ఆయన పగలల్లా వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ఆటోలను చూస్తూ కూర్చునేవారు. చూడలేక సింధూరే అంది, "మామయ్యగారూ, నేను చదువుదామని దించుకున్న పేపర్లు కంప్యూటర్లో గుట్టలా పడున్నాయి. మీకు మందుల పేర్లు తెలుసు కదండీ, కాస్త సర్దిపెడతారా?" ఆయనకి ఫోల్డరు చేయడం, పేరు మార్చడం, ఒకచోటి నుంచి ఒకచోటికి జరపడం నేర్పింది. నేర్పి, తన పనుల్లో పడి ఆ సంగతే మర్చిపోయింది.

ఆ పేపరు లేకుండానే ఆ రోజు వెళ్ళింది. బయటి నుంచి వచ్చినాయన అడగనే అడిగారు. "మీ వాదనకంతటికీ పునాది ఈ ఒక్క పేపరే కదా, అది మీరు చూశారా, లేక ఎవరో రాసింది చూసి రాశారా?" చూశానని చెప్పింది. ఆయన నవ్వారు. ఆ నవ్వు ముందు ఇక ఏం చెప్పినా నిలబడలేదు. మళ్ళీ సెమినార్ పెట్టుకోమన్నారు. అంటే ఇంకో సెమిస్టరు ఆగాలి.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గోవిందరాజులుగారు కొల్లేటికోట ప్రసాదం పళ్ళెంలో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఎలా జరిగిందమ్మా?"

"నా పాత పేపర్లు ఏం చేశారండీ?"

ఆమె గొంతు విని ఆయన పళ్ళెం పక్కన పెట్టారు. "ఉన్నాయమ్మా, ఎక్కడికీ పోలేదు. మొన్ననే పక్కకి తీసి పెట్టాను." గబగబా లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఒక మందుల కవరు తెచ్చారు. అందులో పెన్ డ్రైవ్ ఉంది. కవరు మీద ఆయన గుండ్రటి చేతిరాతతో 'ఎక్స్‌పైరీ' అని ఉంది.

"ఇదేంటండీ?"

"షాపులో తేదీ దాటిన సరుకు వేరే డబ్బాలోకి తీసేసేవాళ్ళం కదమ్మా. కంపెనీకి తిప్పి పంపడానికి. పొరపాటున ఎవరికైనా ఇచ్చేస్తే ప్రమాదం. నీ పేపర్లలో మరీ పాతవి ఉన్నాయి, కొన్ని నువ్వు పుట్టకముందువి. కొత్తవాటిలో కలిసిపోతే నీకు మాట వస్తుందేమోనని..."

"మాటే వచ్చిందండీ. పదిమందిలో వచ్చింది."

"నాన్నకి తెలియక చేశారు, వదిలెయ్యి," అన్నాడు జయకృష్ణ.

"మీరుండండి. తెలియనప్పుడు అడగాలా, వద్దా? ఇన్నేళ్ళ నా కష్టం ఇవాళ ఒక నవ్వుతో పోయింది." ఆమె మామగారి వైపు తిరిగింది. "మీ షాపు మూసేశారు కదా మామయ్యగారూ. మళ్ళీ నా కంప్యూటర్లో తెరవకండి."

గోవిందరాజులుగారు కవరు బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు. "సరేనమ్మా," అని మాత్రం అన్నారు.

మర్నాడు ఆయన చిన్న సంచీ సర్దుకుని, తాడేపల్లిగూడెంలో కూతురు మేఘన దగ్గర కొన్నాళ్ళుండి వస్తానన్నారు.

"నేను మాత్రం రానండీ," అన్నారు రత్నాంబగారు. "అలిగి వెళ్ళే మగాడి వెనకాల సంచీ పట్టుకుని నడిచే వయసు దాటిపోయింది నాకు."

"అలగలేదే. మనవరాలిని చూడాలనిపించింది."

"అవును, భలే ఉన్నట్టుండి అనిపించింది. మఫ్లరు పెట్టుకున్నారా?"

జయకృష్ణ ఆయన్ని బస్సెక్కించి వచ్చాడు. ఆ రాత్రి భార్యతో ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. తిరిగి ఏదో ఒకటి అని సింధూరి మనసు తేలిక చేసుకునేది.

వారం గడిచేసరికి ల్యాప్‌టాప్‌లో కొత్తగా దించుకున్న పేపర్లు మళ్ళీ గుట్టపడ్డాయి. అన్నిటికీ పేర్ల బదులు అంకెలు. కాలేజీలో పిల్లలకి చూపించాల్సిన ఒక పేపరు కోసం ఆదివారం పొద్దుటి పూటంతా వెతికి, చివరికి విసుగొచ్చి, మామగారు చేసిన ఫోల్డర్లు మొదటిసారి నిదానంగా తెరిచింది.

ముందు నవ్వొచ్చింది. పేపరు వేసిన పత్రిక పేరునే కంపెనీ పేరుగా తీసుకున్నారాయన. షాపులో మందులు కంపెనీల వారీగా అరల్లో పెట్టినట్టు పత్రికకో ఫోల్డరు, అందులో మందుకో ఫోల్డరు. వీటన్నిటికీ పైన విడిగా ఇంకొకటి ఉంది. రోజూ అదే తెరుస్తున్నా, దాని పేరు 'చేతికందేవి' అని ఇప్పుడే గమనించింది.

అందులో ఉన్నవన్నీ ఆమె రోజూ తీసే పేపర్లే. ఎవరూ చెప్పకుండా ఇవే అని ఆయనకెలా తెలిసింది?

"షాపులో కౌంటరు పక్కన ఒక అర ఉండేదిలేమ్మా," అన్నారు బీన్స్ ఈనెలు తీస్తున్న రత్నాంబగారు. "జనం ఎక్కువ అడిగేవి అందులో ఉండేవి. వంగక్కర్లేదు, నిచ్చెన ఎక్కక్కర్లేదు. నువ్వు సాయంత్రాలు పని చేసుకుంటుంటే ఈయన న్యూస్ పేపరు చదువుతున్నట్టు వెనకాల కూర్చునేవారు కదా? నువ్వు దేనికోసం వెతుకుతున్నావో చూసేవారు. పొద్దున్న నువ్వు కాలేజీకి వెళ్ళాక దాన్ని తెచ్చి అక్కడ పెట్టేవారు. ఆ కాసేపూ నన్ను మిక్సీ కూడా వేసుకోనిచ్చేవారు కాదు."

సింధూరికి ఒక సంగతి గుర్తొచ్చింది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు కాలేజీ నుంచి ఒకామె ఇంటికి వచ్చింది. అడిగిన పేపరల్లా సింధూరి చిటికెలో తీసిస్తుంటే ఆశ్చర్యపోయింది. "కొత్త ల్యాప్‌టాప్ అండీ," అంది సింధూరి గొప్పగా. "వెతుక్కోనక్కర్లేదు, అన్నీ ఎదురుగా ఉంటాయి." గోవిందరాజులుగారు అప్పుడు పక్కనే ఉన్నారు. కొనుక్కున్న మందు పనిచేసిందని ఎవరో చెబితే విన్నట్టు, తల ఊపి లోపలికి వెళ్ళారు.

"ఆయన నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు కదండీ అత్తయ్యగారూ."

"ఏమని చెబుతారమ్మా? షాపుకి వచ్చినవాళ్ళకి మందు దొరికితే చాలు. ఏ అరలోంచి తీశారో ఎవరడుగుతారు?"

ఆ మధ్యాహ్నమే సింధూరి తాడేపల్లిగూడెం బస్సెక్కింది. మేఘన ఇంట్లో గోవిందరాజులుగారు వరండాలో కూర్చుని ఆటోలను చూస్తున్నారు. ఆమెను చూసి కంగారుగా లేచారు.

"అందరూ బాగున్నారా? మీ అత్తయ్యకేమైనా..."

"అందరూ బాగున్నారండీ. మీ కోసమే వచ్చాను." ఆమె మెట్టు మీద కూర్చుంది. "నేనలా అని ఉండకూడదు మామయ్యగారూ."

"పోనీలేమ్మా. తప్పు నాదే. మందుకి తేదీ ఉంటుంది. చదువుకి ఉండదని నాకు తోచలేదు."

"పాతవి తీసెయ్యడం తప్పేనండీ. అది చెబితే సరిపోయేది. షాపు సంగతి ఎత్తాను చూడండి, అది..."

ఆయన వీధి వైపు చూశారు. "షాపు షట్టరు దించిన రోజు నాకేం బాధ వెయ్యలేదమ్మా. పొద్దున్నే ఇంకో పని దొరుకుతుందిలే అనుకున్నాను," అన్నారు మెల్లగా. "నువ్వు ఇచ్చావు కూడా. పాడు చేసుకున్నాను."

"లేదండీ. ఇంటికి వెళదాం రండి. గుట్ట మళ్ళీ పెరిగింది."

లోపలి నుంచి మేఘన వచ్చి, "తీసుకెళ్ళు వదినా. ఇక్కడ టీవీ రిమోటు కూడా ముట్టుకోవట్లేదు, మాకేమో మర్యాదలు చేయించుకునే అల్లుడు వచ్చినట్టుంది," అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి సంచీ సర్దుకున్నారు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, సింధూరి ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పెన్ డ్రైవ్‌లోవన్నీ ఇద్దరూ కలిసి తిరిగి లోపల పెట్టారు. తర్వాత కొత్త పేపర్ల గుట్ట తెరిచింది. మొదటిదాన్ని ఆయన ముందుకు జరిపింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కిందికి చదివారు. మౌసు మీద చెయ్యి వేశారు. కానీ నొక్కలేదు.

"ఇది ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"మీ ఇష్టం మామయ్యగారూ. మీకెక్కడ తోస్తే అక్కడ."

"నీది కదమ్మా. నువ్వే చెప్పు."

చెప్పింది. పెట్టారు. రెండోది తెరిచారు, చదివారు, మళ్ళీ ఆగారు. అరల నిండా మందులున్న షాపులో ఎవరినీ అడగకుండా తిరిగిన చెయ్యి అది. ఇప్పుడు ఆమె మాట కోసం అలా ఆగి ఉంది.

సింధూరి కళ్ళు మసకబారాయి. ఆయన చూడకుండా కొంగుతో తుడుచుకుంది. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు పక్కన కూర్చోవాల్సిందేనని ఆమెకి అర్థమైంది. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, "నాకూ తెలియట్లేదండీ దీని సంగతి," అంది. "ఇంకోసారి చదవండి. వింటాను."