నాలుక కింది మాత్ర

"ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, ఆ పిల్లన్నా ఉండాల. తేల్చు మౌలాలీ."

పొద్దున్నే వాకిట్లో కూర్చుని, తలకు గుడ్డ బిగించి కట్టుకుని మస్తానమ్మ అన్న మాట ఇది. ప్రొద్దుటూరు దూదేకులవాళ్ల వీధి మొత్తానికీ వినబడింది! కొడుకు మౌలాలి దూది ఏకుతున్న విల్లు పక్కన పెట్టి బిక్కమొహం వేశాడు. ముప్పై ఏళ్లొచ్చినా తల్లి ముందు అతనికి నోరు పెగలదు. వంటింటి గడపలో నిలబడ్డ కోడలు గులాబ్‌బీకి కళ్ల వెంట నీళ్లు ధారగా కారిపోయాయి. ఎనిమిదేళ్ల కాపురంలో ఎన్ని మాటలు పడింది! కూరలో ఉప్పెక్కువైందని, పరుపు కుట్టు వంకర పోయిందని... అన్నీ నవ్వి ఊరుకుంది. కానీ ఈరోజు పడ్డ నింద అలాంటిది కాదు. కోడలు తనకు విషం పెడుతోందని అత్త అంటోంది.

జరిగింది చెప్పుకుంటే ఇంతే. మూడు నెలలుగా మస్తానమ్మ నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, రొమ్ము మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్లు నొప్పి, ఎడమచేయి లాగడం. వాయువు పట్టేసిందని ఆవిడ వాము నమిలి సరిపెట్టుకుంటూ వచ్చింది. గులాబ్‌బీ ఊరుకోలేదు. అత్త చేత తిట్లు తింటూనే, మొగుణ్ణి సతాయించి, కిందటి వారం ఆవిడను జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి రెండేళ్లు. చుట్టుపక్కల ఊళ్లలో గుండెజబ్బు పేరు విన్నవాళ్లే తక్కువ. అక్కడి డాక్టరు దేవపాలు చిన్న గాజుసీసాలో మాత్రలిచ్చి, నొప్పి రాగానే కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోవాలని, మింగేయకూడదని చెప్పాడు. మాత్రా అది! కందిగింజంత కూడా లేదు. పెట్టుకున్న రెండు నిమిషాల్లో రొమ్మునొప్పి మాయమయ్యేది. వెంటనే మొహం ఎర్రబడి, కణతలు అదిరి, తల పగిలిపోయేది. మూడుసార్లు పెట్టుకుంది, మూడుసార్లూ అంతే. రొమ్మునొప్పి పోయిన సంగతి ఆవిడకు గుర్తుంటేనా! డాక్టరిచ్చిన మాత్రలు కోడలు మార్చేసిందని తీర్మానించేసింది.

చివరికి మౌలాలి ఒక దారి కనిపెట్టాడు. ముగ్గురూ జమ్మలమడుగు పోయి మాత్రలు డాక్టరుకే చూపిద్దామన్నాడు. మస్తానమ్మ సరేనంది గానీ, అటునుంచి అటే కోడల్ని పులివెందుల బస్సెక్కించి పుట్టింటికి పంపేయాలని పట్టుబట్టింది. మౌలాలి తలూపాడు. ఆ తల ఊపడం గులాబ్‌బీ చూసింది... పుట్టింట్లో ఆమెకు తల్లయినా లేదు. ఈ వాకిలి తప్ప ఆమెకు ఇంకో వాకిలి లేదు!

జమ్మలమడుగులో దిగగానే మస్తానమ్మ కొడుకును పులివెందుల బస్సు చూసి సీటు పట్టమని పంపింది. తాను కోపంతో విసవిసా ఆసుపత్రి వైపు నడిచింది. ఎండకు ఎండ, విసురుకు విసురు. ఆసుపత్రి ప్రహరీ దాకా వచ్చిందో లేదో, రొమ్ము పట్టుకుని గోడవార కూలబడింది. ఒళ్లంతా చెమటలు. గులాబ్‌బీ పరుగున వచ్చి సీసా మూత తీసి మాత్ర అందిస్తే పళ్లు బిగించింది మహాతల్లి! ఊపిరి అందకపోయినా తల అడ్డంగా ఊపడం మానలేదు.

గులాబ్‌బీ ఒక్క క్షణం అత్త మొహంలోకి చూసింది. ఆ మాత్ర తన నాలుక కిందే పెట్టుకుంది. ఇంకొకటి తీసి అరచేతిలో పెట్టి చాచింది.

"విషమైతే ఇద్దరం పోదాం అత్తా."

మస్తానమ్మ నోరు తెరిచింది.

మాత్ర కరిగేదాకా మాట్లాడకూడదు కదా. ఎనిమిదేళ్లలో అత్త నోరు మూసుకుంటే కోడలు మాట్లాడింది ఆ రెండు నిమిషాలే! తన నాలుక కిందా మాత్ర ఉందన్నది మరిచిపోయింది గులాబ్‌బీ, కడుపులో దాచుకున్నదంతా కట్ట తెగినట్లు బయటికొచ్చేసింది.

"మాయమ్మ గూడా ఇట్లే రొమ్ము పట్టుకుంది. వాయువని నూనె రుద్దినా. నా చేతుల్లోనే పోయింది అత్తా... ఒగ అమ్మ పోయింది, చాలు. నన్ను తిట్టు, పులివెందులకు పంపీ, ఆ మందు ఒగటి మానుకోవద్దు."

మస్తానమ్మకు నొప్పి సడలింది. కళ్లనిండా నీళ్లతో చేయి చాచేసరికి, గులాబ్‌బీ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "తల పగిలిపోతాంది అత్తా..." అంటూ కళ్లు తిరిగి అత్త ఒళ్లోకి ఒరిగిపోయింది. తనకు వచ్చిన నొప్పే! తను మూడుసార్లు వీధిని లేపిన నొప్పే! మస్తానమ్మ గుండె కరిగిపోయింది. తన తలకున్న గుడ్డ విప్పి కోడలి నొసటికి కట్టి, కణతలు నొక్కుతూ వెక్కివెక్కి ఏడ్చింది.

చెరో పక్క తల పట్టుకుని వచ్చిన అత్తాకోడళ్లను చూసి డాక్టరు దేవపాలుకు నవ్వాగలేదు. మాత్రలు తానిచ్చినవే అన్నాడు. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు ఇరుకైనందువల్లే నొప్పి వస్తోందని, ఈ మందు నాళాలను సడలించి వెడల్పు చేసి గుండె మీద బరువు తగ్గిస్తుందని విడమరిచి చెప్పాడు. తలలోని నాళాలూ దాంతోపాటే విచ్చుకుంటాయి, అందుకే ఆ పోటు. తల నొచ్చిందంటే మందులో సత్తువ ఉన్నట్లే, పోను పోను అలవాటవుతుందన్నాడు. ఆ మాత్రలు ఆ సీసాలోనే ఉండాలని, గుడ్డలో మూటగడితే సత్తువ పోతుందని హెచ్చరించాడు. తరువాత గులాబ్‌బీ వైపు తిరిగి బాగా చీవాట్లు పెట్టాడు. ఒకరి మందు ఇంకొకరు వేసుకోవచ్చా? నెత్తురుపోటు ఉన్నట్లుండి తగ్గి నడిరోడ్డు మీద పడిపోతే ఎవరిది పూచీ?

"నా కోడల్ని అనేదానికి నువ్వెవురప్పా?" మస్తానమ్మ కుర్చీలోంచి లేచింది. "అనేదుంటే నన్నను. బుద్ధి ల్యాకుండా మాట్లాడింది నేను. బంగారట్లా బిడ్డను పట్టుకోని విషం పెట్టిందంటి."

సరిగ్గా అప్పుడే మౌలాలి రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. పులివెందుల బస్సు కదలబోతోందట, కిటికీ పక్క సీటు మీద తువాలు వేసి పట్టి ఉంచాడట, కండక్టరు అరుస్తున్నాడట. ఎప్పట్లాగే తల్లి చెప్పిన పని తప్పకుండా చేశాడు పాపం!

మస్తానమ్మ గులాబ్‌బీని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"ఆ బస్సును పొమ్మను. తువాల పోతే పోనీ. నా బిడ్డను నేను యాడికీ పంపను."

గులాబ్‌బీ అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఏడుస్తూనే మొగుడి మొహం చూసి పకపకా నవ్వేసింది. నవ్విన కొద్దీ తల ఇంకా పోటు పెట్టింది. అయినా నవ్వు ఆగలేదు.