ఒకటి అని రాసిన చేయి

“వద్దమ్మా, లాగకు! ఇంకా లాగితే ఆవు చచ్చిపోతుంది!”

కూతురు కెల్సీ కేకకు ఆర్డిస్ చేతిలోని గొలుసు జారిపోయింది. కొట్టంలో గడ్డిమీద పడి ఉన్న తొలిచూలు ఆవు అప్పటికే మూలగడం మానేసింది. దూడ ముంగాళ్లు బయటికొచ్చి గంటన్నర దాటింది... తల మాత్రం రాలేదు! ఎంత లావు గిట్టలవి! ఆ చిన్నప్రాణి నడుములోంచి అంత దూడ ఎలా వస్తుంది? పశువైద్యుడు అరవై మైళ్ల అవతల నుంచి బయలుదేరాడు గానీ, ఆయన వచ్చేలోపే ఆవు మెడ వాల్చేసింది. కడుపులో దూడా కదలలేదు.

కెల్సీ గోడకు ఆనుకుని కూలబడింది. పెళ్లయ్యాక ఈ ఇసుకకొండల నడుమ సొంతంగా మంద పెట్టుకుని రెండేళ్లయింది. ఈ మార్చిలో పద్నాలుగు తొలిచూలు ఆవులు ఈనాలి. మొదటిదాని దూడ చచ్చి పుట్టింది. రెండోది ఈనాక కాళ్లు పడిపోయి మళ్లీ లేవలేదు. ఇవాళ ఇది!

“నాన్న ఇచ్చిన ఆబోతు కదమ్మా! దాని తండ్రి కెప్టెన్‌కి పుట్టిన దూడలన్నీ సులువుగానే పుట్టాయని పశుపెంపకందారుల సంఘం కాగితంలో ఉంది. అన్నిటికీ ఒకటి అనే వేసి ఉంది. అది చూసే కదా పెయ్యల మీదికి వదిలాను... నేనేం తప్పు చేశానమ్మా?”

ఆర్డిస్ తన చేతులకేసి చూసుకుంది. ఒకటి అంటే ఎవరి సాయమూ లేకుండా ఈనిందని. మూడు అంటే గొలుసు వేసి లాగారని. కెప్టెన్ దూడల్ని ఎన్నిటిని తన చేతులతో లాగింది! లాగిన ప్రతిసారీ భర్త వెండెల్ నవ్వేవాడు. “కాస్త చెయ్యేసినంత మాత్రాన సాయమంటారా? ఒకటి వెయ్యి.” ఆమె వేసేది. కాదంటే అతను వారాల తరబడి మాట్లాడడు... ఆ మౌనానికి భయపడి వేసేది! మోచేతుల దాకా అంటిన నెత్తురు చూస్తే ఇప్పుడు ఆమెకు రోత పుట్టలేదు. ఆ అంకె వేసిన వేళ్లను చూస్తేనే రోత పుట్టింది.

అంతలో వెండెల్ ట్రక్కు వచ్చి ఆగింది. దిగి, చచ్చిన ఆవును బూటుతో కదిపి చూశాడు.

“కొవ్వెక్కించావు. చలికాలమంతా మొక్కజొన్న మేపితే దూడ పెరగదూ? పెంపకం చేతకానప్పుడు కోళ్లు పెంచుకోవాలమ్మాయ్.”

“గడ్డి తప్ప ఏమీ పెట్టలేదు నాన్నా!” కెల్సీ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇదే మాట ఇంకెవరినన్నా అని ఉంటే ఆర్డిస్ ఎప్పటిలాగే తల దించుకునేదేమో! కానీ పిల్ల ఏడుస్తోంది... తన తప్పేనని నమ్మి ఏడుస్తోంది!

“ఛీ! నీకు సిగ్గులేదా వెండెల్?”

అతను తెల్లబోయాడు. ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఆమె నోట ఆ మాట వినలేదు. ఆమె కూతురివైపు తిరిగింది.

“కెప్టెన్‌కి ఇరవైయేడు దూడలు తల్లీ. అందులో పంతొమ్మిది నేను గొలుసు వేసి లాగినవే. అన్నిటికీ ఒకటని రాసింది ఈ చెయ్యే. మీ నాన్న రాయమన్నాడు, నేను రాశాను.”

ఆర్డిస్ గోడకున్న ఫోను తీసి సంఘం ఆఫీసుకు చేసింది. పేరు చెప్పింది, ఆబోతు పేరు చెప్పింది, పంతొమ్మిది అని చెప్పింది. ఎవరు మాట్లాడుతున్నారని అవతల అమ్మాయి రెండోసారి అడిగితే, “రాసినదాన్నే” అంది.

“మూడు తరాల పేరు మంటగలిపావు,” అన్నాడు వెండెల్. ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ఎక్కు, ఇంటికి పోదాం. ఎక్కకపోతే మళ్లీ ఆ గడప తొక్కక్కర్లేదు!”

ఈ ఒక్క మాట అంటాడనే కదా ఆర్డిస్ ఇన్నేళ్లూ భయపడింది! ఆమె మెల్లగా వెళ్లి ఆ తలుపు మూసింది. ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగేసరికి కెల్సీ ఆమెనే చూస్తోంది. ఆ చూపులో జాలి లేదు.

“మొదటి దూడ చచ్చినప్పుడే చెప్పాల్సింది. నా పక్కనే నిలబడి ఊరుకున్నావు. నిన్ను చూస్తుంటే అసహ్యంగా ఉందమ్మా.”

“నాకూ అలాగే ఉంది తల్లీ...”

కెల్సీ ముక్కు తుడుచుకుంది. గొలుసు తీసి బకెట్‌లో పడేసింది.

“ఇంకా పదకొండున్నాయి. ఈసారి గిట్టలు కనబడగానే డాక్టర్ని పిలవాలి. నువ్వు లాగకూడదు.”

“లాగను.”

“గదిలో పక్క వేసి లేదు. దుప్పటి ఎక్కడుందో నువ్వే వెతుక్కో.”

ఆర్డిస్ తల ఊపింది. కన్నీళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా నెత్తురే. అవి అలాగే కారుతుండగా, ఈనవలసిన పదకొండింటినీ చూసి రావడానికి దొడ్డివైపు నడిచింది.