ఎల్డర్‌బీ లైనులో రాక్షసిబొగ్గు

టూరిస్టుల కోసం నడిపే ఎల్డర్‌బీ పాత రైల్వేలో ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్ శవమై కాలువలో తేలాడు. మర్నాడు ఉదయం అతని పారను గూఢచారి ఏజెంట్ ఎడ్విన్ క్రేవెన్ అందుకున్నాడు.

చీఫ్ ఆదేశం రెండు ముక్కలు. "బెర్లిన్ గోడ అవతలి నుంచి పారిపోయి వచ్చిన డాక్టర్ కోవాచ్ టూరిస్టు వేషంలో ఆ రైలెక్కుతున్నాడు. ప్రాణాలతో దిగాలి."

డ్రైవర్ ఆల్ఫ్ టింబ్రెల్‌కి ఇవేవీ తెలియవు. డెబ్భై ఏళ్లవాడు, జీతం లేకుండా ప్రేమకొద్దీ ఆవిరి ఇంజన్ నడుపుతాడు.

"పార పట్టుకునేది అలాగేనా అబ్బాయ్? సూపు వడ్డిస్తున్నావా?"

మధ్య స్టేషన్‌లో ఇంజన్‌కి నీళ్లు పడుతుంటే ఒక అందగత్తె కెమెరాతో వచ్చింది. ఎడ్విన్ చూడగానే గుర్తుపట్టాడు. సెలీనా! కోవాచ్ భార్యగా నటిస్తున్న డబుల్ ఏజెంట్. మూడేళ్ల కిందట వియన్నాలో ఆమె మాట నమ్మి ఎడ్విన్ మనుషులిద్దరు చచ్చిపోయారు.

"బాంబు బొగ్గులో ఉంది," ఫొటో తీస్తూ గొణిగింది. "నిప్పులో పడినా, ఎత్తు నుంచి పడినా పేలుతుంది."

"వియన్నాలోనూ ఇలాగే చెప్పావ్."

"అప్పుడు నన్నూ మోసం చేశారు. నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఖర్మ."

విజిల్ మోగింది. ఎడ్విన్ నమ్మలేదు. నాలుగు పారలు వేశాడు. అయిదోసారి చెయ్యి రాలేదు.

పార పడేసి బొగ్గు పెళ్లలు ఒక్కొక్కటే చేత్తో ఏరసాగాడు.

"మతిపోయిందా? ప్రెషర్ పడిపోతోంది! ఎత్తు ఎక్కలేం, బండి ఆగిపోతుంది!"

"ఆగనీ!"

ఏటి వంతెన మీద రైలు రొప్పుతూ ఆగింది. అంతలో ఒక పెళ్ల ఎడ్విన్ చేతికి మసి అంటించలేదు. నల్ల పెయింట్ వేసిన బాంబు! బలమంతా కూడదీసుకుని ఏట్లోకి విసిరాడు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

"ఓరి దేవుడో!" ఆల్ఫ్ కూలబడ్డాడు.

మరుక్షణం ఫస్ట్ క్లాస్ పెట్టెలో తుపాకీ పేలింది. ఎడ్విన్ పరుగెత్తాడు. అప్పటికే, బాంబు తప్పిందని తెలిసి, టికెట్ కలెక్టర్ వేషంలో ఉన్న శత్రువు కోవాచ్ మీద పిస్టల్ పేల్చాడు. అడ్డం వెళ్లిన సెలీనాకి గుండు తగిలింది. హంతకుణ్ణి ప్రయాణికులు నేలకేసి అదిమిపట్టారు. కోవాచ్ ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా మాట విన్నాక ఎన్ని పారలు వేశావ్?" సెలీనా అడిగింది.

ఎడ్విన్ తల దించుకున్నాడు. "నాలుగు."

"పర్లేదు. నేనైతే పది వేసేదాన్ని."

ఆమె నవ్వింది; ఊపిరి ఆగినా ఆ నవ్వు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఇంతకీ ఆమె పేరు ఏ జాబితాలో రాయాలి? మనవాళ్లలోనా, వాళ్లలోనా?"



"ప్రయాణికుల్లో రాయండి సార్. టికెట్ కొనుక్కునే ఎక్కింది."