వెనక సీటు, ఎడమ పక్క

ఆ మూతపడ్డ పెట్రోల్ బంకు మలుపు సంగతి మీ అందరికీ తెలిసిందే. చీకటి పడ్డాక అక్కడ ఓ చెయ్యి పైకి లేస్తుందనీ, పాపం ఎవరో లిఫ్ట్ అడుగుతున్నారని బండి ఆపితే ఇక అంతేననీ... ఆ 'అంతే' అంటే ఏంటో ఎవరూ చెప్పరు. ఆపినవాళ్ళెవరో కూడా ఎవరికీ తెలీదు. అయినా అందరం నమ్మేశాం. వదినా, నువ్వు నవ్వకు. అక్కడికి రాగానే కారు అద్దాలు ఎక్కించేది నువ్వే.

ఇది మా బావకి జరిగింది. కొంత అక్క చెప్పింది, కొంత బావే చెప్పాడు. ఆడియో కాస్త పెద్దదే, పని చేసుకుంటూ వినండి.

బావది కళ్ళద్దాల షాపు కదా. ఆ రోజు వానని తొందరగా షట్టర్ దించేసి, కారులో ఒక్కడే ఇంటికి బయల్దేరాడు. మలుపు దగ్గరికొచ్చేసరికి హెడ్‌లైట్ల వెలుగులో — చెయ్యి. బంకు గోడ పక్కనుంచి, తడిసిన చొక్కా చెయ్యి. ఊపడం కూడా లేదు... ఊరికే పైకెత్తి ఉంది.

బావ కాలు బ్రేకు మీదకి వెళ్ళింది... వెళ్ళి, మళ్ళీ యాక్సిలరేటర్ మీదకి వచ్చేసింది. కాస్త దూరం పోయాక అద్దంలో చూస్తే, చెయ్యి ఇంకా అలాగే ఉందట.

మర్నాడు ఆసుపత్రి నర్సు ఒకావిడ కళ్ళజోడు తీసుకోడానికి షాపుకొచ్చింది. బావ దాన్ని తుడిచి చేతికిస్తుంటే, మాటల్లో అంది — "ఆ పాత బంకులో సామాను పోతోందని కొత్తగా ఓ పెద్దాయన్ని కాపలా పెట్టారండీ. రాత్రి గుండెనొప్పొచ్చి రోడ్డు మీదకొచ్చాడట. ఒక్క బండీ ఆగలేదు. పొద్దున్నెవరో తీసుకొచ్చారు... ఈ మాట చెప్పి పోయాడు, ఏం లాభం?"

బావ ఆ కళ్ళజోడు ఆవిడ చేతిలోంచి మళ్ళీ తీసుకుని, మళ్ళీ తుడిచాడట.

ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా.

చప్పుడు ఆ సాయంత్రమే మొదలైంది.

మలుపు దాటగానే — టక్. వెనకనుంచి. టక్... టక్... తర్వాత గరగరమని ఒక అదురు, సీటు కిందనుంచి నడుం దాకా. దారిలో ఆసుపత్రి గేటు రాగానే ఆగిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున షాపుకి వెళ్ళేటప్పుడు మాత్రం ఏమీ ఉండదు!

డిక్కీలో జాకీ దొర్లుతోందేమోనని తీసి ఇంట్లో పెట్టాడు. పోలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చక్రాలు విప్పాడు, బ్యాలెన్సింగ్ చేశాడు, తనొక్కడే వెళ్ళి ఓ రౌండ్ వేసొచ్చాడు.

"బండి వెన్నలా పోతోంది సార్. సర్వీసింగ్ చేయిస్తే మీకే చేయించాలి."

ఆదివారం అక్క కూడా బయల్దేరింది, "మీకు సరిగ్గా చెప్పడం చేతకాదు, నేనూ వస్తా" అని. బావ స్టీరింగ్ దగ్గర, పక్కన మెకానిక్, వెనక ఎడమ పక్క అక్క. గ్యారేజీ సందు చివర తిరిగారో లేదో — టక్. టక్. గర్ర్...

"ఆపండాపండి! అమ్మా, మీరోసారి దిగండి."

అక్క దిగింది. బండి ముందుకెళ్ళింది. చప్పుడు లేదు. మళ్ళీ ఎక్కింది. టక్.

మెకానిక్ మొహం వెలిగిపోయింది. కిందకి దూరి చూసొచ్చాడు. "సైలెన్సర్ పైపుని పట్టుకునే రబ్బరు తెగింది సార్. వెనక ఎడమ పక్క మనిషి కూర్చుంటే బండి అటు దిగుతోంది, పైపు ఇరుసుకి కొట్టుకుంటోంది. అంతే!"

"ఓహో, అయితే దెయ్యాన్ని నేనేనన్నమాట," అంది అక్క. "నువ్వు ఇప్పుడు కనిపెట్టావు బాబూ. మీ సార్ పెళ్ళైన రోజే కనిపెట్టారు."

మెకానిక్ పగలబడి నవ్వాడు. బావ నవ్వలేదు.

"మరి... వెనక ఎవరూ లేకపోతే?"

"లేకపోతే ఎందుకొస్తుంది సార్?"

"నేను రోజూ ఒక్కణ్ణే వస్తాను."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు... తుడుచుకుంటూనే ఉన్నాడు. "అక్కడ రోడ్డు మీద గుంటలున్నాయేమోలెండి," అన్నాడు చివరికి.

కొత్త రబ్బరు వేశాడు. చప్పుడు పోయింది. నిజంగానే పోయింది, అదురు కూడా లేదు. ఆ రోజే బావ ఆ చెయ్యి సంగతి మొత్తం అక్కకి చెప్పేశాడు. అక్క అంతా వింది. తర్వాత, "ఇంకెప్పుడూ ఎవర్నీ అలా వదిలేసి రాకండి" అందట.

మొన్న మళ్ళీ వాన పడిందిగా. మళ్ళీ చీకటి పడే వేళ. మళ్ళీ అదే మలుపు... మళ్ళీ ఒక చెయ్యి.

ఈసారీ బావ కాలు యాక్సిలరేటర్ మీదకే పోబోయిందట. అయినా — ఆపాడు.

ఎవరో అమ్మాయి. భుజం మీద జ్వరంతో మూలుగుతున్న చంటిపిల్ల. "అన్నా... ఆసుపత్రి దాకా..." అంది పాపం.

హమ్మయ్య, మనిషే! బావకి ప్రాణం లేచొచ్చింది. "ఎక్కమ్మా, ఎక్కు ఎక్కు!"

ఆ అమ్మాయి వెనక ఎడమ పక్క తలుపు తీసింది. తీసి, అలా ఒక్క క్షణం ఆగి... మెల్లగా, చప్పుడు కాకుండా మూసేసింది. ముందు తలుపు తీసి బావ పక్కన కూర్చుంది.

"పెద్దాయన నిద్రపోతున్నట్టున్నారన్నా," అంది గుసగుసగా. "లేపడం ఎందుకని..."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"మీ నాన్నగారా?"

బావ వెనక్కి తిరగలేదు. అద్దంలోకీ చూడలేదు. గేరు వేసి, బండి మెల్లగా కదిలించాడు... కుదుపు లేకుండా.

"అవునమ్మా," అన్నాడట.