గాజుపలక మీద చేతిరాత

ఆ సోమవారం ఉదయం కాఫీ తాగడం ముగించి, దొరస్వామి టాబ్లెట్‌ను ఒళ్ళో పెట్టుకుని దాని పెన్ను చేతికి తీసుకున్నాడు. కొడుకు విజయకుమార్ కొనిచ్చిందది. వయసుతో పొడిబారిన ఆయన వేళ్ళను ఫోన్ అద్దం గుర్తుపట్టేది కాదు. ఒక అక్షరం నొక్కితే పక్కది పడేది, లేదా ఏదీ పడేది కాదు. ఈ పెన్నుతో ఆ తంటా లేదు. చిన్నప్పుడు పలక మీద రాసినట్టు రాస్తే, రాసింది రాసినట్టే బొమ్మగా ఈమెయిల్లో వెళ్ళిపోతుంది. భార్య చెంగమ్మ పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆయనకు దొరికిన చిన్న చిన్న ఊరటల్లో అదొకటి.

కోడలు సునయన ఇడ్లీలు తెచ్చి పెడుతూ, తాను టైపు చేసిపెట్టనా అని మళ్ళీ అడిగింది. ఆయన వద్దన్నాడు. కూతురికి చెప్పుకునే క్షమాపణ కోడలి చేతుల మీదుగా వెళ్ళడం ఆయనకు ఇష్టం లేదు. పైగా చేతిరాతలో మనిషి కనిపిస్తాడని ఆయన నమ్మకం.

కూతురు శరణ్యకు ఇది పన్నెండో ఉత్తరం. పదకొండింటికి జవాబు రాలేదు.

రెండేళ్ళ క్రితం ఆమె తనతో పనిచేసే మణిమారన్‌ను చేసుకుంటానన్నప్పుడు దొరస్వామి అరవలేదు. ఆయనకు అరవడం చేతకాదు. కోపం వస్తే కాగితం మీద రాసి, బల్ల మీద పెట్టి, చెన్నై శివారు మనలిలో ఫ్యాక్టరీ లాబ్ డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేసరికి చెంగమ్మ, "బిడ్డకు తెలిసిందిలే" అనేది. ఆ ఇంట్లో అదే వాడుక. ఆ రోజూ రాశాడు: ఇక నా కళ్ళబడొద్దు. సాయంత్రం వచ్చేసరికి శరణ్య లేదు. పెళ్ళికి ఆయన వెళ్ళలేదు. తల్లి పోయినప్పుడు ఆమె వచ్చింది, తల దగ్గర కూర్చుంది, కర్మ అయ్యాక వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళ మధ్య ఒక్క మాట లేదు.

ఫోన్ చేద్దామంటే ఆయనకు గొంతు పెగలదు. అందుకే ఉత్తరాలు. కిందటి మూడింటిలో ఒకటే విన్నపం రాశాడు: ఆదివారం నాలుగు గంటలకు వ్యాసర్పాడి జీవా రైలు స్టేషన్లో కూర్చుంటాను, మనసు ఒప్పితే రా. ఆమె ఇల్లు స్టేషన్‌కు పది నిమిషాల నడక. మూడు ఆదివారాలు ఆరింటిదాకా కూర్చున్నాడు. పూలమ్మే ఆవిడ తన బుట్ట జరిపి ఆయనకు నీడలో చోటిచ్చింది. కూతురు మాత్రం రాలేదు. ఇక రాదనే అనుకున్నాడు. ఈ ఉదయం ఆయన రాస్తున్నది చివరి ఉత్తరం. 'నిన్ను ఇంకెప్పుడూ విసిగించను' అన్నదాకా వచ్చాడు.

బెల్లు మోగింది. సునయన తలుపు తీస్తే గుమ్మంలో శరణ్య.

"నిన్న మా ఆయన నిన్ను స్టేషన్లో చూసినాడంట," చెప్పులు విప్పకుండానే అంది. "పలకరించే ధైర్యం లేక వచ్చేసినాడు. ఆడ బెంచీ మీద ఎందుకు కూర్చున్నావు నైనా? మా ఇంటికొచ్చే మనసు లేకపోతే మానుకో. మా ఇంటికి అంత దగ్గర్లో కూర్చోని మమ్మల్ని ఎందుకు నవ్వులపాలు చేస్తావు?"

"రాసినాను గదమ్మా. మూడు వారాలుగా రమ్మనే రాస్తా ఉండాను. తెరిచి చూడనే లేదా?"

"అన్నీ తెరిచినాను. పెద్దవి చేసి చేసి చూసినాను. నాకు తెలుగు చదవను వస్తే గదా? బళ్ళో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు."

మరి ఇన్నేళ్ళూ తాను బల్ల మీద పెట్టిన కాగితాల సంగతేమిటని దొరస్వామి అడిగాడు.

"అమ్మ చదివి చెప్పేది."

వంటింట్లో మిక్సీ ఆగింది. ఆ ఉత్తరాలు ఇంకెవరిచేతనైనా చదివించుకోవాల్సిందని ఆయన గొణిగాడు.

"నువ్వు తిట్టింది పరాయివాళ్ళ నోట వినాల్నా? నీ కాగితమంటే తిట్టే గదా నైనా. అమ్మ ఎంత నవ్వుతా చదివినా, నీ పెన్ను కాగితం వెనక దాకా దిగబడి ఉండేది. నేను తడిమి చూసేదాన్ని."

ఆయన తల వంచుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "నువ్వు ఎల్లిపోయిన రోజు... ఆ కాగితం అమ్మ ఏమని చదివింది?"

"'నాకు మనసు కుదుటపడను కొన్నాళ్ళు కావాలమ్మా' అని చదివింది. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు అయిపోతాయా అని రెండేళ్ళుగా కాచుకోనుండాను."

అందులో ఒక్క అక్షరం కూడా ఆయన రాసింది కాదు. తాను కూతురిని ద్వేషంతో పంపేశాననుకున్నాడు. చెంగమ్మ ఆమెను ఆశతో పంపింది. ఆ ఆశను పట్టుకుని బిడ్డ కాచుకుంది. ఈ రెండేళ్ళలో ఒక్కసారి, తల్లి తల దగ్గర కూర్చున్న రోజైనా సరే, తాను నోరు తెరిచి ఉంటే సరిపోయేది. భార్య ఉన్నన్నాళ్ళూ తన నోరు ఆమే అయిందని, ఆమెతో పాటే అదీ పోయిందని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"అది నేను రాసింది కాదమ్మా," అన్నాడు.

శరణ్య కళ్ళు తుడుచుకుంది. "తెలుసు నైనా. కాగితంలో ఉండేది మూడే మాటలు. అమ్మ చదివింది అంతకంటే ఎక్కువ. అయినా అదే నమ్మినాను. నమ్మకపోతే నాకు ఇంక ఈడ ఎవరుండారు?"

ఆయన ఆ ఉదయం రాసినదంతా చెరిపేశాడు. పాతవాటిలోకి వెళ్ళి మొదటి ఉత్తరం తెరిచాడు. సునయన వచ్చి, "నేను చదవనా మామా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

శరణ్య చెప్పులు విప్పి వచ్చి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. దొరస్వామి చదవడం మొదలుపెట్టాడు. తన మాటలు తన గొంతులో ఆయనకే కొత్తగా ఉన్నాయి. సిగ్గుతో వాక్యం మీద వాక్యం పడేస్తూ, ఎక్కడా ఆగకుండా పరుగెత్తాడు. 'నీ పెళ్ళిరోజు నేను ఇంట్లో ఒంటరిగా' అన్నచోట వరస తప్పి తడబడ్డాడు.

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"నిదానంగా చదువు నైనా. అమ్మ ఇంత బిరబిరా చదివేది కాదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మొదటి వరసకు వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివాడు.