గోడ మీది కరపత్రం

పొద్దున్నే దేవకుమారి టీ కాచి పిల్లలిద్దరికీ ఇచ్చింది, తను మాత్రం ముట్టలేదు. భర్త జక్రయ్య పోయి నెలైంది. అప్పటినుంచీ ఆమెది పిట్ట తిండే.

కూతురు ఆరాధన ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆరోగ్య సంస్థలో ఆమెది కరపత్రాలు తయారుచేసే పని. డాక్టర్లు ఇంగ్లిషులో ఇచ్చిన కాగితాలను తెలుగులోకి తెచ్చి, బొమ్మలు పెట్టి, సంతకం చేయించుకుని అచ్చుకు పంపుతుంది. అలా చేసిన, పురుగుమందుల విషం గురించిన కరపత్రం ఒకటి ఈ ఇంటి గోడ మీదే ఉంది. దేవకుమారి మైదా ఉడికించి మరీ అంటించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ "మా అమ్మాయి చేసింది" అని చూపించేది.

దాన్నే మళ్లీ పదివేల కాపీలు వేస్తున్నామని, మధ్యాహ్నంలోగా చూసి పంపమని ఆఫీసు నుంచి కబురొచ్చింది.

"ఇంకా ఎవరి కోసమే అది?" అన్నాడు అన్న ఎలీషా. "గోడకి పెట్టుకుని కూడా నాన్నని చంపుకున్నాం."

"ఒరేయ్, దాన్నేం అనబాకు" అంది దేవకుమారి.

"దాన్ని కాదు, నిన్నే అంటున్నా. మిరప తోటలో మందు కొట్టొచ్చిన మనిషిని ఆ తడిసిన చొక్కాతోనే పడుకోబెట్టి దుప్పటి కప్పుతావా? రెండు గంటలమ్మా! ముందే చొక్కా తీసి ఒళ్లు కడిగుంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు."

"చెమటలు పట్టి వణికిపోతుంటే చలిజొరం అనుకున్నా నాయనా."

"గోడ మీద రాసుందిగా! రోజూ బైబిలు చదివేదానివి, అది చదవలేకపోయావా?"

"చదివాన్రా."

అన్నాచెల్లెళ్లిద్దరూ తల్లి వంక చూశారు.

"నోట నురగ చూసి భయమేసింది. ఆ కాగితం ముందు నిలబడి వేలు పెట్టి మూడుసార్లు చదివా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పిల్ల అంత కష్టపడి రాస్తే నా మొద్దు బుర్రకి ఎక్కలా. నా మనిషిని నేనే చంపుకున్నా."

ఆరాధన లేచి గోడ దగ్గరికెళ్లింది. తను రాసిందే, పైకి చదవబోతే నాలుక తిరగలేదు. 'కలుషిత వస్త్రములను తక్షణమే తొలగించి చర్మ నిర్విషీకరణ చేపట్టవలెను.' పక్కన బొమ్మలో తెల్లకోటు డాక్టరు నవ్వుతున్నాడు.

మొదట రాసింది ఇది కాదు. 'చొక్కా విప్పి సబ్బుతో ఒళ్లు కడగండి' అనే రాసింది. "ఇదేం భాషమ్మా, సంస్థ పరువు పోతుంది" అన్నారు పెద్ద డాక్టరుగారు. మారుమాట లేకుండా ఐదు నిమిషాల్లో మార్చేసి ఆ సాయంత్రమే సంతకం పెట్టించుకుంది. మందు కొట్టే మనిషికి ఒక్కడికైనా చదివి వినిపించాలని తోచనేలేదు. కన్నతండ్రి ఇంట్లోనే ఉన్నాడాయె!

"అన్నా, అమ్మననొద్దు. తప్పు నాది" అంది ఆరాధన. చొక్కా మాట ఎలా మార్చిందో చెప్పింది. "ఆస్పత్రిలో డాక్టరు అన్నప్పుడే నాకు ఇది గుర్తొచ్చింది. చెప్పే ధైర్యం లేక, నువ్వు అమ్మని తిడుతుంటే నెలంతా వింటూ కూర్చున్నా."

ఎలీషా మొహం చేతుల్లో దాచుకుని కూలబడ్డాడు. దేవకుమారి కూతురిని దగ్గరికి తీసుకోలేదు.  ల్యాప్‌టాప్ ముందు కూతురిని కూర్చోబెట్టి, తనూ పక్కన కింద కూర్చుంది.

"రాయి" అంది. "మందు కొట్టొచ్చిన మనిషికి చెమటలు పట్టి, నోట నురగొస్తే జొరం అనుకోవద్దు. దుప్పటి కప్పొద్దు. చొక్కా విప్పెయ్యండి. గుండీలు రాకపోతే చించెయ్యండి. సబ్బెట్టి నీళ్లు పోసి ఒళ్లంతా కడగండి. కడిగి, ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి."

"మందు డబ్బా కూడా తీసుకెళ్లమని రాయి" అన్నాడు ఎలీషా, తలెత్తకుండానే.

ఆరాధన రాసింది. ఈసారి డాక్టరుగారు ఏమన్నా సరే, ఒక్క అక్షరం మార్చనంది. రాసిందంతా తల్లికి చదివి వినిపించింది. దేవకుమారి మళ్లీ చదవమంది. రెండోసారి పూర్తయ్యాక కూతురి భుజం పట్టుకుంది.

"ఇది అర్థమైంది తల్లీ" అని, నెల రోజుల్లో మొదటిసారి బావురుమంది.