ఏడో సాలు చివర

సమ్మయ్య కొత్త తోక రెక్కలు రెండింటినీ మొదళ్ళ దగ్గర ఒకే బోల్టుకు గుచ్చి, ఆ బోల్టును రెండు గాజు గ్లాసుల అంచుల మీద అడ్డంగా ఉంచాడు. రెక్కలు త్రాసు కాడలా ఊగి ఎడమకు వాలాయి. కుడిది తేలిక. గోరంత టేపు ముక్క కత్తిరించి దాని కొసకు చుట్టాడు. ఈసారి కాసేపు తటపటాయించి అడ్డంగా నిలిచాయి.

పదిహేడో నంబరు పిట్టకు వాటిని తొడిగి మర బిగించాడు. మరీ బిగించకూడదు. పిట్టను పక్కకు వంచితే రెక్క తన బరువుకు తానే వాలాలి. వాలింది.

పిట్టలంటే బారెడు పొడుగు హెలికాప్టర్లు. విత్తనపు వరి పూతకొచ్చినప్పుడు నడుమెత్తున ఎగురుతూ, మగ సాళ్ళ పుప్పొడిని ఆడ సాళ్ళ మీదికి దులుపుతాయి. తాడు గుంజి దులిపే కూలీలు పొలం విడిచి పదకొండేళ్ళయింది. నలభై ఒక్క ఊళ్ళలో పిట్టలన్నిటికీ చెయ్యిపాఠం ఒక్కటే, అది సమ్మయ్యది. అతడు ఎగరేస్తుంటే పిట్ట కెమెరా కన్ను చూసినదీ, అతని వేళ్ళు చేసినదీ కలిపి రాసుకున్న పాఠం. పాత ప్లాస్టిక్ రెక్కలు ఎండ ముదిరితే మెత్తబడి తోక జారేది. జారకముందే అతని ఎడమ బొటనవేలు రవ్వంత సర్దేది. ఆ సర్దుడు కూడా అన్ని పిట్టలకూ అబ్బింది.

సూపర్‌వైజర్ హైమావతి షెడ్డులోకి వచ్చింది.

"ఎన్నయినయ్ కాకా?"

"గిదే ఆఖరుది."

"నిప్పుల వెట్టినా వంగయట గదా ఇవి! మరి మొకం గట్ల వెట్టినవేంది? కొత్త పెండ్లాం వచ్చినంత సంబురపడాలె గని..." అని నాలుక కరుచుకుంది. "తప్పయింది కాకా. నోరు జారిన."

సమ్మయ్య రెక్కను వేలితో మీటాడు. రాయిని మీటినట్టు మోగింది.

"నిరుడు రాకపాయె ఇవి," అన్నాడు.

నిరుడు పూతకాలంలో ఏడో సాలు చివర, గట్టు మీద, ఎర్రగుడ్డ పట్టుకుని అతని భార్య కనకవ్వ నిలబడేది. ఎక్కడ తిరగాలో పిట్టకు ఆమే ఆనవాలు; ఆమె గుడ్డ దించాకే అది మళ్ళేది. ఒక పొద్దున తోక రెండుసార్లు జారడం అతని బొటనవేలికి తెలిసింది. పూలు విచ్చుకుని ఉండేది గంటసేపే. ఇంకొక్క సాలు అనుకున్నాడు. ఆ సాలు చివర తోక ఆమె మీదికి తిరిగింది. ఆమె మళ్ళీ లేవలేదు.

తర్వాత పొలాలకు కంచెలు వేశారు. లోపలికి మనుషులు పోకూడదని ఆర్డరు వచ్చింది. పాఠం మాత్రం పాతదే. కనకవ్వ ఎవరో ఎరగని ఊళ్ళలో కూడా ప్రతి పిట్టా ఏడో సాలు చివర ఆగేది. తోకను గట్టుకు దూరంగా తిప్పుకుని, ఎవరో గుడ్డ దించాలన్నట్టు కాసేపు గాలిలో నిలిచి, అప్పుడు మళ్ళేది. అక్కడ గాలి దెబ్బకు పూత రాలి కంకులు తాలు పోయేవి. ఆ తాలు మచ్చ అన్ని పొలాల్లోనూ ఒకే చోట ఉండేది.

"పైనోళ్ళు ఒక్కటే మాట చెప్పిండ్రు కాకా," అంది హైమ, మెల్లగా. "కొత్త రెక్కలకు పాత పాఠం పనికిరాదు, తోక గిర్రున తిరుగుతది. నువ్వు కొత్తది రాయాలె. ఏడో సాల్ల ఆగొద్దు. సక్కగ పోవాలె."

"ఎరుకే."

తొమ్మిది నలభైకి పూలు విచ్చుకున్నాయి. సమ్మయ్య రేడియో రిమోట్ మెడకు తగిలించుకుని పిట్టను లేపాడు. తోక గీత గీసినట్టు నిలిచింది. అలవాటుకొద్దీ బొటనవేలు సర్దబోయి, సర్దేందుకేమీ లేక ఆగింది. ఆరు సాళ్ళు దులిపాడు. పసుప్పచ్చటి పొడి పొగలా లేచి ఆడ సాళ్ళ మీద వాలింది.

ఏడో సాలు మొదట్లో పిట్టను ఆపాడు. ఎదురుగా సాలు, సాలు చివర ఖాళీ గట్టు.

"కాకా! పాఠం రాసుకుంటున్నది, ఆపకు!" అని అరిచింది హైమ.

అతడు రిమోట్ పుల్లల మీంచి వేళ్ళు తీయకుండా గట్టు వెంబడి నడవసాగాడు. పిట్ట ఉన్నచోటే మోగుతూ ఉంది. ఆఖరుకు వెళ్ళి, ఆమె నిలబడే చోట నిలబడి, పిట్టకు ఎదురు తిరిగాడు. ఇటునుంచి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి. ఇన్నేళ్ళు ఎగరేసినా పిట్ట ముక్కును ఎదురుగా చూడలేదు. రోజూ ఆమె చూసింది దీన్నే.

అప్పుడు ముందుకు తోశాడు. పిట్ట నడుమెత్తున, అతని మీదికే వచ్చింది. నాలుగు బారల దూరంలో ఆగింది. తోకను పక్కకు తిప్పుకుంది. వెనక్కి మళ్ళింది.

పాఠం ఊళ్ళకు వెళ్ళిపోయింది.

మరునాడు తొమ్మిదిన్నర దాటాక హైమ ఫోన్ మోగడం ఆగలేదు. అన్ని ఊళ్ళలోనూ పిట్టలు ఆరు సాళ్ళు దులిపి, ఏడో సాలు మొదట్లో గాలిలో నిలబడిపోయాయి.

"ఏం నేర్పినవ్ కాకా వాటికి?"

"మనిషి కనవడితేనే కదులుమన్న."

"మనిషిని పోనియ్యొద్దని ఆర్డరుండె గదా!"

"ఆ ఆర్డరు పిట్టలకు జెప్పు."

"నవ్వులాటనా? గంటల పూత మూసుకుంటది. రేపు మళ్ళ రాయి."

"మళ్ళ రాసినా గట్లనే రాస్త బిడ్డా. మనిషి లేదనుకొని ఎగిరేటిది నా చేతి పిట్ట గాదు."

ఫోన్ మళ్ళీ మోగింది. ఏటి అవతలి ఊరు నుంచి కావలి మనిషి రాజవ్వ. 

"మేడం, కంచె తాళం నేనే తీసిన, కోపం జెయ్యకుండ్రి. సాలు ఆఖరుకు వొయ్యి నిలవడ్డ. కదిలింది మేడం. నా కాడిదాంక వచ్చి ఆగింది. తోక నాకు తాకొద్దని పక్కకు దిప్పుకున్నది..."

ఫోన్‌లో పిట్ట రెక్కల చప్పుడు వినిపించింది.

"నన్నెరిగినట్టే జేసింది మేడం. ఎవలనుకున్నది నన్ను?"

హైమ సమ్మయ్య వైపు చూసింది. ఫోన్ అతని చేతికిచ్చింది.